సెకండాఫ్ ఫోను

గురువారం పొద్దున పదకొండింటికి బాబాయి ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టేటప్పటికి నేను అట్టపెట్టెల మీద పేర్లు రాస్తున్నాను. హీరోల ఫొటోలు ఒక పెట్టె, హీరోయిన్లవి రెండు పెట్టెలు, కమెడియన్లందరికీ కలిపి ఒక బిస్కెట్ల పెట్టె. మా సినిమా వెబ్‌సైటు మర్నాటితో మూత. శుక్రవారం పదింటికి ఓనరు మనుషుల్ని తీసుకొచ్చి సర్వరు ఊడదీయించుకుని పోతాడు. సైటు పేరుని ఎవరో పెద్దవాళ్లు కొనుక్కున్నారు. పేరు తప్ప మాలో ఏదీ వాళ్లకి అక్కర్లేదట.

బాబాయి నిజానికి ఎవరికీ బాబాయి కాడు. సర్వరు, వైర్లు, మోడెములు చూసుకునే మనిషి. ఆఫీసు మొత్తంలో తల నెరిసింది ఆయనొక్కడికే కాబట్టి అందరం అలా పిలిచేవాళ్లం. నోరు తెరిస్తే కరెంటు కాలుతుందన్నట్టు ఉంటాడు. అలాంటివాడు కుర్చీ లాక్కుని మరీ కూర్చున్నాడు.

"అమ్మాయ్, పారేసే ముందు ఫైళ్లన్నీ ఓసారి తిరగేస్తున్నా," అన్నాడు. "ఇది గెస్ట్‌బుక్‌లో మన బూతుల జల్లెడ ఆపేసిన రాతల లిస్టు. ఇందులో మీ తమ్ముడున్నాడు."

మా తమ్ముడు ఇల్లు వదిలి అప్పటికి ఎనిమిది నెలలు. ఎక్కడున్నాడో, ఏం తింటున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియని ఎనిమిది నెలలు. ఆ కాగితం చేతిలోకి తీసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. దాన్ని బాబాయి చేతిలోనే ఉంచి చదివాను.

ఇది అర్థం కావాలంటే మా పని ఎలా జరిగేదో చెప్పాలి. నేను అంతకు ముందు సినిమా వారపత్రికలో ప్రూఫులు దిద్దేదాన్ని. పత్రిక పోయి ఈ సైటు వచ్చింది. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, గురక పెట్టే ఒక మోడెము. మొదటి పేజీలో అడ్డంగా పరిగెత్తే ఎర్ర అక్షరాలు, కింద ఎంతమంది చూశారో చెప్పే అంకెలు, ఆ కింద గెస్ట్‌బుక్. చదివినవాళ్లు ఎవరైనా అందులో నాలుగు ముక్కలు రాసి పోవచ్చు. మన మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. అది చదివి చదివి ప్రూఫులు దిద్దిన నా కళ్లు ఎంత ఏడ్చాయో చెప్పలేను.

మా గొప్పంతా శుక్రవారం రిపోర్టుది. కొత్త సినిమా మొదటి ఆటకి మా తమ్ముడు వెళ్లేవాడు. ఇంటర్వెల్ పడగానే జనాన్ని తోసుకుంటూ బయటికొచ్చి ఎదురుగా ఉన్న ఫోన్ బూత్‌లో దూరి, ఆఫీసుకి చేసేవాడు. "అక్కా, రాసుకో," అనేవాడు. పలకరింపులుండవు. పది నిమిషాల్లో ఫస్టాఫ్ అంతా చెప్పేసేవాడు, నేను టైపు చేసేదాన్ని. హాల్లో సెకండాఫ్ నడుస్తుండగానే ఫస్టాఫ్ కథ మా సైటులో ఉండేది. సినిమా అయ్యాక రెండో ఫోను. అది వచ్చాకే మిగతా సగం రాయాలి. ఈ పని వల్లే వాడికి ఇంటర్వెల్ అనే పేరు వచ్చింది. గెస్ట్‌బుక్‌లో వాడికి అభిమానులు కూడా ఉండేవారు. ఇరవై నాలుగేళ్లవాడికి అంతకంటే ఏం కావాలి. ఇంట్లో అమ్మ కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

ఎనిమిది నెలల కిందట పెద్దహీరో సినిమా ఒకటి వచ్చింది. ఇంటర్వెల్‌కి ఫోను వచ్చింది, ఫస్టాఫ్ రాశాను. ఇంకా ఇరవై నిమిషాల సినిమా ఉండగానే మా పోటీ సైటువాడు కథ మొత్తం పెట్టేస్తున్నాడని ఎవరో చెప్పారు. ఓనరు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఏం, మనవాడు పడుకున్నాడా? పది నిమిషాల్లో మనది కూడా పడాలి," అన్నాడు. నేను పదేళ్లు సినిమా కథలు దిద్దినదాన్ని. ఆ హీరో గత నాలుగు సినిమాల్లోనూ చివర్లో తల్లి ఒళ్లో తల పెట్టుకుని పోయాడు. అయిదో దాంట్లో మాత్రం ఎందుకు బతుకుతాడు అనుకున్నాను. సెకండాఫ్ నేనే అల్లేశాను. హీరోని చంపేశాను. పైగా బాగా చంపాను.

పన్నెండు నిమిషాల తర్వాత ఫోను మోగింది. "అక్కా, రాసుకో. చివర్లో హీరో బతికాడు. ఎవరూ అనుకోలేదు, హాలంతా లేచి నిలబడింది," అన్నాడు వాడు, రొప్పుతూ. నేను ఏమీ రాసుకోలేదు.

సరిచేసేలోపే ఆ పేజీని జనం ప్రింట్లు తీసి పంచేసుకున్నారు. హీరో చచ్చిపోతాడట అని నెట్ సెంటర్లలో ఏడ్చినవాళ్లున్నారట. ఏడ్చినవాళ్లకి నిజం తెలిశాక వచ్చే కోపం మామూలుగా ఉండదు. సాయంత్రానికి మా ఆఫీసు అద్దాలు లేవు. ఓనరు నా టేబుల్ మీద చెయ్యి పెట్టి అడిగాడు: "ఎవరిది ఈ నిర్వాకం?"

"వాడు ఫోన్లో అలాగే చెప్పాడండి," అన్నాను.

అంతే, ఆ ఒక్క వాక్యమే. దాన్ని ఎన్ని రకాలుగా దిద్దుకున్నా అది అబద్ధంగానే మిగిలింది. ఓనరు వెంటనే మొదటి పేజీలో వాడి ఫొటో పెట్టి, కింద రాయించాడు: మా రిపోర్టరు ఇంటర్వెల్‌లోనే లేచి వచ్చేసి మిగతాది కల్పించి చెప్పాడు, అతన్ని తీసేశాం, క్షమించండి. టైపు చేసింది నేనే. నా పని అదే కదా.

తమ్ముడు రెండో ఆట కూడా చూసి హాలు నుంచి ఆఫీసుకి వచ్చి, గుమ్మంలో నిలబడే తెర మీద తన ఫొటో చూసుకున్నాడు. తర్వాత నావైపు చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను. వాడు ఒక్క మాట అనలేదు. మా ఇల్లు నా ఉద్యోగం మీద నడుస్తోందని వాడికి తెలుసు. అన్నం పెట్టే చేతిని ఎందుకు విరవాలి అనుకుని ఉంటాడు. లేదా, అక్క తనంతట తనే చెబుతుందిలే అనుకుని ఉంటాడు. ఇంటికి వెళ్లాక కూడా నేను చెప్పలేదు. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. అమ్మ వాణ్ణి మూడు రోజులు తిట్టిపోసింది. "సగం సినిమా చూసి సొంతంగా అల్లాడట, పని దొంగ," అని. మూడో రోజు హాలు దగ్గర ఎవరో వాడి మొహాన ఇంకు పోశారు. నాలుగో రోజు పొద్దున వాడు లేడు. ఇంకు చొక్కా మాత్రం బకెట్లో నానేసి ఉంది.

ఆ తర్వాత గెస్ట్‌బుక్ తెరిస్తే వాడి మీద బూతులే. ఇంటర్వెల్‌గాడు అలాంటివాడు, వాడి పుట్టుక ఇలాంటిది అని పేజీలకి పేజీలు. అది చూడలేక నేనే బాబాయి దగ్గరికి వెళ్లాను. "బూతుల్ని ఆపే జల్లెడ ఉంది కదా, ఆ లిస్టులో ఇంటర్వెల్ అనే మాట కూడా చేర్చు బాబాయ్. ఆ మాట ఉన్నదేదీ లోపలికి రాకూడదు," అన్నాను. ఆయన చేర్చాడు. తమ్ముడికి నేను చేసిన మంచి పని అదొక్కటేనని ఎనిమిది నెలలు ఓదార్చుకున్నాను.

ఇప్పుడు బాబాయి చేతిలో ఉన్నది ఆ జల్లెడ లిస్టే.

జల్లెడ ఆపేసిన దాన్ని పూర్తిగా ఉంచుకోదు. తేదీ, టైము, మొదటి వరుస, అంతవరకే ఉంచుతుంది. వందల బూతుల మధ్య పద్నాలుగు చోట్ల బాబాయి పెన్సిలుతో గీత గీశాడు. మొదటిది వాడు వెళ్లిపోయిన పదకొండో రోజుది.

"అక్కకి, నీ తమ్ముడు ఇంటర్వెల్ రాయునది ఏమనగా."

రెండోది కూడా, "అక్కకి, నీ తమ్ముడు ఇంటర్వెల్ రాయునది ఏమనగా." మూడోది, నాలుగోది, అయిదోది అంతే. చిన్నప్పుడు ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో వాడికి నేర్పింది నేనే. నేర్పింది నేర్పినట్టు, బుద్ధిగా, ప్రతిసారీ మొదటి వరుస పూర్తిగా ఆ పలకరింపుకే ఇచ్చాడు వెధవ. ఏమనగా తర్వాత వాడు ఏమన్నాడో లోకంలో ఎవరికీ తెలియదు. ఎక్కడున్నాడో రాశాడేమో. ఒంట్లో బాగాలేదని రాశాడేమో. నన్ను అడిగాడేమో, ఎందుకలా చేశావని.

"మిగతా వరుసలు ఎక్కడైనా దొరుకుతాయా బాబాయ్?"

"దొరకవమ్మా. చోటు చాలదని నేనే ఒక వరుస చాలన్నాను." ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. "ఇంకో సంగతి. ఆపేసినట్టు రాసినవాళ్లకి తెలియదు. 'మీ మాట మాకు చేరింది, ధన్యవాదాలు' అని చూపిస్తుంది."

పద్నాలుగుసార్లు వాడికి ధన్యవాదాలు చెప్పాం. వాడేమనుకుంటాడు? అక్క చదివింది, చదివి ఊరుకుంది అనుకుంటాడు. వేరే దారి కూడా లేదు వాడికి. గొడవయ్యాక ఓనరు ఆఫీసు ఫోన్ నంబరు మార్పించాడు. జనం మా ఇంటి మీదికి వస్తుంటే ఇంటివాళ్లు మమ్మల్ని ఖాళీ చేయించారు. పాత ఇంటికి ఉత్తరం రాసినా మాకు అందదు. ఆఫీసు గుమ్మం తొక్కేంత మనసు వాడికి మిగిలి ఉండదు. ఆ గెస్ట్‌బుక్ ఒక్కటే తలుపు, దానికి స్వయంగా తాళం వేసింది నేను.

పద్నాలుగోది తొమ్మిది రోజుల కిందటిది. అందులో పలకరింపు లేదు.

"అక్కా, ఇంటర్వెల్ ఇంక రాయడు. అమ్మని చూసుకో."

నేను ఆ అట్టపెట్టెల మధ్య కింద కూర్చుండిపోయాను. ఇంక రాయడు అంటే ఏమిటి? మనసు విరిగి రాయడా, రాసే అవసరం లేకుండా చేసుకుంటాడా? ఆడదాన్ని కాబట్టి ఏడుస్తున్నాననుకుని పెట్టెలు కట్టేవాళ్లు పక్క గదిలోకి తప్పుకున్నారు. నేను భయంతో ఏడ్చాను. నాకు ఒక పగలు, ఒక రాత్రి మిగిలాయి. శుక్రవారం పదింటి తర్వాత వాడు మా సైటు తెరిస్తే అక్కడ ఎవరిదో కొత్త బోర్డు ఉంటుంది, అక్కతో మాట్లాడటానికి ప్రపంచంలో చోటే ఉండదు.

"జల్లెడ తీసేయ్ బాబాయ్," అన్నాను.

"తీసేసే వచ్చాను."

"మొదటి పేజీ నాకివ్వు."

సైటు చేతులు మారే ముందు మొదటి పేజీలో అక్షరం ముట్టుకోవద్దని ఓనరు హుకుం. బాబాయి లేచి తన కుర్చీ నాకిచ్చాడు.

పరిగెత్తే ఎర్ర అక్షరాలు తీసేశాను. హీరోయిన్ల ఫొటోలు తీసేశాను. తెల్లటి పేజీ మీద ఇది రాశాను:

"ఎనిమిది నెలల కిందట పెద్దహీరో సినిమాకి తప్పు ముగింపు రాసింది ఇంటర్వెల్ కాదు, నేను. వాడు సినిమా మొత్తం చూశాడు. నిజం చెప్పడానికి ఫోను చేశాడు. నేను ఆగలేదు. తర్వాత తప్పు వాడి మీద వేశాను. తమ్ముడూ, నువ్వు రాసినవి ఒక్కటీ నాకు చేరలేదు. ఈ రోజే తెలిసింది. ఎక్కడున్నా ఈ నంబరుకి చెయ్యి. అక్క."

కింద ఆఫీసు కొత్త నంబరు పెట్టాను. అలవాటు కొద్దీ మూడుసార్లు ప్రూఫు చూశాను. "ఆగలేకపోయాను" అని రాసి ఉన్నచోట "ఆగలేదు" అని దిద్దాను. అంతకు మించి దిద్దవలసింది కనబడలేదు.

పావుగంటలో మొదటి ఫోను మోగింది. ఎగిరి అందుకున్నాను. "ఏమ్మా, నువ్వేనా ఆ రోజు మా హీరోని చంపింది?" అన్నాడొకాయన. అవునన్నాను. ఆయన తిట్టినంతసేపు విన్నాను, ఎందుకంటే మధ్యలో పెట్టేస్తే వెనకాల ఎవరు కాచుకుని ఉన్నారో తెలియదు. ఆయన అయ్యాక మరొకరు. తర్వాత ఓనరు.

"మతి పోయిందా నీకు?" అన్నాడు. "కొన్నవాళ్లు చూస్తే ఏమవుతుంది? తీసెయ్ దాన్ని. బాబాయికియ్యి ఫోను."

బాబాయి రిసీవరు అందుకుని చాలా వినయంగా చెప్పాడు. "తీసేద్దామనే చూస్తున్నానండి. పాస్‌వర్డు మర్చిపోయాను. వయసైపోయింది కదండీ." అయిదేళ్లలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే అయి ఉంటుంది. ఓనరు అవతల ఏదో అరిచి, రేపు పదింటికి తనే స్వయంగా వస్తానని పెట్టేశాడు.

సాయంత్రం దాకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. జాలి పడినవాళ్లున్నారు. ఉతికి ఆరేసినవాళ్లున్నారు. కొత్త సినిమా టికెట్లు దొరుకుతాయా అని అడిగినవాడు ఒకడు. అన్నిటికంటే చిత్రహింస, "అక్కా, నేనే ఇంటర్వెల్‌ని" అని ఆటపట్టించినవాళ్లు. ఏడుగురు అలా చేశారు. గొంతు వినగానే తెలిసిపోతుంది వాడు కాదని. అయినా ప్రతి ఒక్కణ్ణీ అడిగాను, అమ్మకి ఏ మోకాలు నొప్పి అని. ఒకడు కుడి అన్నాడు. ఒకడు రెండూ అన్నాడు. ఎడమ అని ఒక్కడూ అనలేదు. గొంతు మారి ఉండొచ్చు, జలుబు చేసి ఉండొచ్చు అని ఏడోవాడి దాకా ఆశపడ్డాను.

ఆరింటికి ఫోను బాబాయికి అప్పగించి ఇంటికి పరిగెత్తాను. ఎవరి నోటో వినేలోపు అమ్మకి నేనే చెప్పాలి. అమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఇంకు చొక్కా కూడా అందులో ఉంది. వారానికోసారి దాన్ని ఉతుకుతుంది. మరక పోదు, తిట్టడమూ మానదు. "ఈ మరకలాగే దాపురించాడు వెధవ, కబురైనా పంపడు," అంటూ దాన్ని దులిపింది.

"అమ్మా, వాడు ఆ రోజు తప్పు చెప్పలేదు. ఫోను రాకముందే నేనే రాసేశాను," అన్నాను. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాను. జల్లెడలో ఆగిన ఆ పద్నాలుగు రాతల సంగతి కూడా.

అమ్మ మడత ఆపలేదు. చొక్కా చేతులు వెనక్కి మడిచి, కాలరు సరిచేసి, తన పక్కన పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఎనిమిది నెలలు వాణ్ణి నాచేత తిట్టించావు," అంది.

ఆ పైన నాతో మాట్లాడలేదు. నేను తిరిగి ఆఫీసుకి వెళ్లి కాసేపు కూర్చున్నాను, బాబాయి బలవంతాన ఇంటికి పంపించాడు, ఫోను పక్కనే ఆయన పడుకున్నాడు. పొద్దున ఏడింటికి నేను వెళ్లేసరికి, ఏమీ లేదన్నట్టు తలూపాడు. గెస్ట్‌బుక్‌లో మూడు వందల చిల్లర కొత్త రాతలు. అన్నీ చదివాను. నన్ను తిట్టినవాటిని కూడా అక్షరం వదలకుండా చదివాను, ఎందులో ఏ మూల వాడుంటాడో అని. లేడు. వాడు మా సైటు చూడటం తొమ్మిది రోజుల కిందటే మానేసి ఉంటాడు. మానేసినవాడికి ఆకాశమంత అక్షరాలతో రాసినా ఏం లాభం?

ఓనరు పదంటే పదింటికే వచ్చాడు. నా మొహం చూసి ఏదో అనబోయి మానేశాడు. అతని మనుషులు టేబుళ్లు ఎత్తారు, కుర్చీలు ఎత్తారు. ఫోను నేల మీద పెట్టి దాని పక్కన కూర్చున్నాను. లైను సాయంత్రం వరకు ఉంటుందట, అది కూడా బాబాయి కనుక్కున్నాడు కాబట్టి తెలిసింది. పదీ పది నిమిషాలకి సర్వరు వైర్లు లాగారు. అయిదేళ్ల నుంచి వినీ వినీ వినబడటం మానేసిన గుయ్యిమనే చప్పుడు ఒక్కసారి ఆగింది. నా క్షమాపణ ఇంక ఎక్కడా లేదు. ఇంతకు ముందు ఎవరైనా చూసి ఉంటే చూసినట్టు, లేకపోతే లేదు.

దానితో ఫోన్లు కూడా పల్చబడ్డాయి. పదకొండింటికి ఒకటి. తర్వాత ఏమీ లేదు. ఆ రోజు పెద్దహీరో కొత్త సినిమా విడుదల. పదకొండింటికే మొదటి ఆట. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక శుక్రవారం పూట నేను ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను.

పదకొండున్నరకి అమ్మ వచ్చింది. ఎడమ మోకాలు పట్టుకుని రెండంతస్తుల మెట్లు ఎక్కింది. ఖాళీ గది, నేల మీద నేను, నా పక్కన ఫోను చూసింది. "ఇదేనా?" అంది. అవునన్నాను. గోడకి ఆనుకుని, కాలు చాపి, ఫోనుకి అవతలి పక్కన కూర్చుంది. నాతో మాట్లాడటానికి రాలేదు, వాడితో మాట్లాడటానికి వచ్చింది. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది.

పన్నెండూ ఇరవై అయిదుకి ఫోను మోగింది.

ఎత్తాను. అవతల జనం రొద, దూరంగా ఈలలు, ఎవరో అరుస్తున్నారు. ఇంకో ఆటపట్టించే వెధవ అనుకున్నాను. అమ్మకి ఏ మోకాలు నొప్పి అని అడగడానికి నోరు తెరిచాను.

"అక్కా, రాసుకో," అన్నాడు.

"ఒరేయ్," అన్నాను. "ఒరేయ్, ఎక్కడున్నావురా, నేను..."

"టైము లేదక్కా. పదే నిమిషాలు. రాసుకో."

రాయడానికి కాగితం లేదు. కమెడియన్ల బిస్కెట్ల పెట్టె ఒక్కటి ఎవరూ తీసుకెళ్లకుండా మూల ఉండిపోయింది. దాన్ని లాక్కున్నాను. బాబాయి తన జేబులో పెన్సిలు నా చేతిలో పెట్టాడు. అమ్మ మోకాలు మరిచిపోయి పాకి వచ్చి రిసీవరుకి చెవి ఆనించింది. ఇద్దరి తలలూ ఒకటే చోట.

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. టైటిల్స్ ఆలస్యంగా పడ్డాయి. హీరో లారీ డ్రైవరు. మొదటి పాట అనవసరం. చెల్లెలి పాత్ర బాగుంది, అన్న మీద కోపం ఉన్నా చూపించదు. ఇంటర్వెల్ దగ్గర లారీ ఘాట్ రోడ్డు మీద బ్రేకులు తెగి పోతోంది, లోపల అన్నాచెల్లెళ్లిద్దరూ. అక్కడ ఆపేశాడు. గొంతు పాతదే. కాస్త బొంగురు. సన్నబడ్డాడేమో, గొంతును బట్టి ఎలా తెలుస్తుంది. నేను అట్ట మీద రాస్తూనే ఉన్నాను, అక్షరాల మీద నీళ్లు పడుతున్నా రాస్తూనే ఉన్నాను. ఈ రిపోర్టు పెట్టడానికి లోకంలో ఏ పేజీ లేదు. ఆ సంగతి వాడికి చెప్పలేదు. వాడికీ తెలిసే ఉంటుంది.

అవతల బెల్లు మోగింది. సెకండాఫ్ బెల్లు.

"నిన్న రాసింది చూశాను," అన్నాడు. "ఈసారి ఆగుతావా?"

"ఆగుతానురా," అన్నాను.

అమ్మ "నాన్నా" అనేలోపే లైను పోయింది.

వాడు ఏ హాల్లో ఉన్నాడో అడగలేదు. ఏ నంబరు నుంచి చేశాడో అడగలేదు. మళ్లీ చేస్తానని వాడు అనలేదు కూడా. ఆగుతావా అని మాత్రమే అడిగాడు. పది నిమిషాలు ఇస్తే నేను లారీ డ్రైవరు కథ రాసుకుని కూర్చున్నాను.

గది తుడవడానికి వచ్చినామె ఆ అట్టపెట్టె పారేయాలా అని అడిగింది. వద్దన్నాను. బాబాయి కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. ఒంటిగంట అయింది. సినిమా అయ్యేసరికి రెండు దాటుతుంది.

అమ్మ ఫోను వైపు చూస్తూ, నిన్నటి తర్వాత మొదటిసారి నాతో మామూలుగా మాట్లాడింది.

"ఆ లారీ ఏమవుతుందే?" అంది. "అన్నాచెల్లెళ్లు బతుకుతారా?"

పదేళ్లుగా సినిమా కథలు దిద్దినదాన్ని. ఇలాంటి లారీలు ఎన్ని చూశానో.

"నాకు తెలీదమ్మా," అన్నాను. "వాడు చెప్పాలి."